చేసేవారి నాడి ఎవరు చూస్తారు?

ముందుగా ఒక చిన్న వివరణ. ప్రొద్దుటూరు అనగానే చాలామందికి కడప జిల్లాలోని బంగారు దుకాణాల పట్టణం గుర్తుకు వస్తుంది. నేనుండే ప్రొద్దుటూరు అది కాదు. ఇది రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని గ్రామం. చేవెళ్ళకు, మొయినాబాదుకు దాపున ఉన్నది. ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేసిన తరువాత నేను ఇక్కడి మా పాత ఇంటిలోనే ఉంటున్నాను. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు మందుల చీటీ పట్టుకొని వస్తారు. ఆ మందు దేనికో చెప్పడం, పరీక్షల కాగితాలు చదివి పెట్టడం, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, ఇప్పుడు నేను చేసే వైద్యం ఇంతే.

కొన్నేళ్ల క్రితం భాద్రపదమాసంలో ఒక సాయంత్రం ఒక స్త్రీ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. (ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి వ్రాస్తున్నాను.) తలనొప్పి, నడుము నొప్పి, రాత్రి నిద్ర పట్టదు అన్నది. రక్తపోటు చూస్తే 164/100 ఉన్నది. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను. అత్తగారికి ఎనభై దాటాయి, నాలుగేళ్లుగా మతి తప్పింది, కొడుకులనే గుర్తు పట్టదు, అర్ధరాత్రి లేచి "మా ఇంటికి పోత" అంటూ తలుపు గొళ్లెం తీస్తుంది, బట్టలలోనే అన్నీ అయిపోతాయి అని చెప్పింది. ఇది డిమెన్షియా అనే మెదడు జబ్బు. అత్తగారికి వాడుతున్న మందులను గురించి మాట్లాడి, ఈమెకు రక్తపోటు మాత్ర వ్రాసి ఇచ్చాను. ఆమె లేవలేదు. పక్కన కూర్చున్న మరొక మనిషి వెళ్లిపోయేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మెల్లగా అన్నది.

"సారూ, ఒక్కోపాలి ఈ ముసలామె పోతే బాగుండు అనిపిస్తది. అన్నం తినిపించుకుంట గూడ అదే అనుకుంట. నేను మంచిదాన్ని గాదు."

నా ఉద్యోగకాలంలో ఈ మాట నాకు కొత్తది కాదు. పక్షవాతం రోగుల భార్యలు, కాన్సరు రోగుల కూతుళ్లు, మతిస్థిమితం లేని బిడ్డల తల్లులు ఈ మాటనే ఏదో ఒక రూపంలో నాతో అన్నారు. అప్పుడు నేనిచ్చిన సమాధానం కూడ ఒకటే. "అట్లా అనకూడదమ్మా. పెద్దవాళ్లకు చేస్తే పుణ్యం. రేపు నీ పిల్లలు నీకు చేస్తారు." ఓపీలో వందమంది నిలబడి ఉంటారు. ఆ మాటతో ఆమె లేచి వెళ్లిపోయేది. ఊరట పొంది వెళ్లింది అనుకునేవాడిని. నేను వ్రాసిన మందులన్నిటిలో ఇంత చెడ్డ మందు మరొకటి లేదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆమె తన నేరాన్ని ఒప్పుకొన్నానని అనుకున్నది. నేను దానికి శిక్ష ఖరారు చేసి పంపించాను.

మన భాషలో ఒక విచిత్రం గమనించారా? మంచాన పడిన మనిషిని గురించి మనం "ఆయనకు ఎవరు చేస్తున్నారు?" అని అడుగుతాము. ఏమి చేస్తున్నారో చెప్పము. మలమూత్రాలు ఎత్తడం, పొజిషన్ మార్చడం, ముద్దలు కలిపి పెట్టడం, రాత్రి పదిసార్లు లేవడం, తిట్లు పడడం, ఇవన్నీ ఆ ఒక్క క్రియలో ఇమిడిపోతాయి. ఆసుపత్రిలో ఆ మనిషికి "అటెండరు" అని పేరు. రోగికి ఒక్క అటెండరే ఉండవలెను అన్నది నియమం. ఆ అటెండరు మంచం కింద చాప పరచుకొని పడుకుంటుంది. మేము రౌండ్సుకు వెళ్లినప్పుడు లేచి నిలబడుతుంది. కేసు షీటులో రోగి నాడి, శ్వాస, జ్వరం, మూత్రం, ప్రతిదీ నాలుగు గంటలకొకసారి వ్రాసేవాళ్లము. మంచం కింద పడుకున్న మనిషి పేరు కూడ అందులో ఉండేది కాదు. ఈ వ్యాసంలో నేను వారిని "చేసేవారు" అనే పిలుస్తాను. "సంరక్షకులు" అన్న మంచి మాట ఉన్నది కాని, అది కాగితాల మీది మాటగా తోస్తున్నది.

ఇతరులను అనే ముందు నా ఇంటి సంగతి చెప్పవలెను.

2007లో వానాకాలంలో మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయినాయి. ఎడమ మెదడు దెబ్బ తింటే మాట కూడ పోవచ్చును. ఆమెకు అట్లాగే పోయింది. "రా" అన్న ఒక్క అక్షరం మిగిలింది. దాహమైనా "రా", కడుపునొప్పి అయినా "రా", మూత్రం వస్తున్నా "రా". ఏ "రా"కు ఏ అర్థమో నా భార్యకు తెలిసేది. పట్టా పుచ్చుకున్న వైద్యుడినైన నాకు చివరిదాకా తెలియలేదు. నేనప్పుడు వేరే జిల్లాలో పని చేస్తున్నాను. ఆదివారం వచ్చేవాడిని. రాగానే అమ్మ మంచం దగ్గర కూర్చొని పట్టీ చుట్టి రక్తపోటు చూసి, వీపు తిప్పి పుండ్లేమైనా పడినవా అని పరీక్షించి, మందులు సరిచూసి, నోటు పుస్తకంలో వ్రాసేవాడిని. ఆరేళ్లలో ఆమెకు ఒక్క ఒత్తిడి పుండు కూడ పడలేదు. పక్షవాతం రోగికి ఇది ఎంత అరుదో వైద్యులకు తెలుసు. రెండు గంటలకొకసారి మనిషిని పక్కకు తిప్పితేనే అది సాధ్యము. పగలూ రాత్రీ అట్లా తిప్పినదెవరు? నేను ఆ విషయం తోటి వైద్యులకు గర్వంగా చెప్పుకొనేవాడిని, అదేదో నా వైద్యం గొప్పదనమన్నట్లు.

2010లో పదవీ విరమణ చేసి ఇంటికి వచ్చాను. ఇక నాకు ఏ సాకూ లేదు. అయినా అమ్మను తిప్పే పని నేను తీసుకోలేదు. పత్రిక చదువుకునేవాడిని. "నీకు అలవాటు కదా, నీ చేతికే ఆమె ఊరుకుంటుంది" అని నా భార్యతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది.

2012లో ఊరికి వచ్చే ఏఎన్ఎం, చిన్న పిల్ల, ఇంటింటికీ తిరిగి రక్తపోటు చూస్తూ మా ఇంటికి వచ్చింది. అమ్మకు చూసింది. నాకు చూసింది. వంటింట్లో ఉన్న నా భార్యను పిలిచి చూసింది. మరొకసారి చూసింది. 190/110. ఆ పిల్ల నా ముఖం వైపు చూసిన చూపు నేను మరచిపోలేదు. అదే మంచం మీద, అదే పట్టీతో, ఐదేళ్ల పాటు ప్రతివారం ఒక మనిషికి రక్తపోటు చూశాను. రెండడుగుల దూరంలో నిలబడి గ్లాసు అందించే మనిషి చేతికి దానిని ఒక్కసారి చుట్టలేదు. ఆమె మూత్రపిండాలు అప్పటికే దెబ్బ తిన్నాయి. వాళ్ల నాన్నకూ రక్తపోటు ఉండేది కనుక అత్తకు చేయడం వల్లనే జబ్బు వచ్చిందని నేననను. చూడకపోవడం వల్ల ముదిరింది అనగలను. అది నా తప్పు.

అమ్మ 2013లో పోయింది. ఆ తరువాతనే నేను ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. మా చదువులో ఇది లేదు. 1970లలో వైద్య కళాశాలలో మాకు రోగి గుండె చప్పుడు వినడం నేర్పారు. రోగి ఇల్లు వినడం ఎవరూ నేర్పలేదు.

చదివినప్పుడు నాకు మొదట ఆశ్చర్యం కలిగించినది ఒక చిన్న పరిశోధన. 1980లో అమెరికాలో స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, మతిమరుపు రోగులకు చేస్తున్న 29 మందిని ప్రశ్నించాడు. ఎవరికి ఎంత భారంగా ఉన్నదో కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 22 ప్రశ్నల జారిట్ కొలమానం దాని నుండి వచ్చినదే. రోగి జబ్బు ఎంత ముదిరితే చేసేవారి భారం అంత పెరుగుతుందని మీరూ నేనూ అనుకుంటాము. వారికి అట్లా కనపడలేదు. మతిమరుపు ఎంత, అల్లరి ఎంత అన్నవాటికీ భారానికీ గట్టి సంబంధం దొరకలేదు. సంబంధం దొరికినది ఒక్కదానితోనే: మిగతా కుటుంబ సభ్యులు, అంటే కొడుకులు, కూతుళ్లు, మనుమలు, తోబుట్టువులు, రోగిని చూడడానికి ఎన్నిసార్లు వస్తున్నారు అన్నదానితో. వచ్చిపోయేవారు ఎక్కువగా ఉన్న ఇంట్లో భారం తక్కువ. 29 మంది మీద జరిగినది చిన్న అధ్యయనమే, నిజమే. తరువాతి అధ్యయనాలలో రోగి ప్రవర్తన కూడ భారాన్ని పెంచుతుందని తేలింది. అయినా ఆ మొదటి ఫలితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాది నలుగురు అన్నదమ్ముల, ఇద్దరు ఆడబిడ్డల ఇల్లు. ఆరేళ్లలో అమ్మను చూడడానికి ఎవరు ఎన్నిసార్లు వచ్చారో వేళ్ల మీద లెక్క పెట్టగలను. వచ్చినవారు కూడ ఆమె మంచం దగ్గర పావుగంట కూర్చొని, "అమ్మ చిక్కిపోయింది, సరిగ్గా తినిపిస్తున్నారా?" అని అడిగి వెళ్లేవారు.

చేసేవారి బాధ మనసుది మాత్రమే, శరీరానికి ఏమీ కాదు అనుకునేవారు 1995లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జానిస్ కీకోల్ట్-గ్లేజర్ చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. మతిమరుపు బంధువులకు చేస్తున్న 13 మంది స్త్రీలను, అదే వయసు గల, అటువంటి బాధ్యత లేని మరి 13 మంది స్త్రీలను తీసుకున్నారు. వారి అనుమతితో ముంజేతి మీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. రెండవ వర్గానికి సగటున 39 రోజులు పట్టింది. చేసేవారికి 48 రోజులు దాటింది. తొమ్మిది రోజుల తేడా. చర్మానికి కూడ తెలుసన్నమాట ఆ ఇంట్లో ఏమి జరుగుతున్నదో. 1999లో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు వృద్ధ దంపతులను నాలుగేళ్ల పాటు గమనించి మరొక విషయం చెప్పారు. జీవిత భాగస్వామికి చేస్తూ ఒత్తిడికి లోనవుతున్నవారిలో మరణాలు, చేయవలసిన అవసరం లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువ. చేస్తూ కూడ ఒత్తిడి లేదని చెప్పినవారిలో ఆ పెరుగుదల కనపడలేదు. ఈ రెండవ వాక్యాన్ని దయచేసి మరొకసారి చదవండి. చేయడం మనిషిని చంపదు. ఒంటరిగా, ఊపిరి తీసుకోనీయకుండా చేయించడం చంపుతుంది.

ఇప్పుడు కుటుంబ చికిత్స సంగతి. ఈ పేరు వినగానే మన వాళ్లు ముఖం చిట్లిస్తారు. "మా ఇంట్లో పిచ్చివాళ్లెవరూ లేరు" అంటారు. ఆ అనుమానానికి కొంత కారణం లేకపోలేదు. ఆ శాస్త్రం మొదట్లో కుటుంబాన్ని దోషిగా నిలబెట్టింది. 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైక్‌మన్ అనే మానసిక వైద్యురాలు స్కిజోఫ్రీనియా జబ్బుకు తల్లి పెంపకమే కారణమన్న అర్థం వచ్చే పదం ఒకటి సృష్టించింది. అప్పటికే బిడ్డ జబ్బుతో కుంగిపోయిన లక్షలాది తల్లుల నెత్తిన ఆ మాట బండరాయిలా పడింది. అది తప్పని తరువాతి పరిశోధనలు తేల్చాయి. తప్పని తేలిన తరువాత కూడ ఎన్నో ఏళ్లు వైద్యులు ఆ చూపుతోనే తల్లులను చూశారు. మా తరం వైద్యులలో కూడ ఆ చూపు ఉండేది, ఒప్పుకుంటాను.

మేలైన దారి లండనులో మొదలైంది. ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లిన రోగులలో కొందరికే జబ్బు ఎందుకు తిరగబెడుతున్నదని జార్జ్ బ్రౌన్ 1950లలో పరిశీలించాడు. ఇంట్లో రోగిని ఎత్తిపొడిచే మాటలు, కసురుకోవడం, అతిగా పట్టించుకొని ఊపిరి సలపనీయకపోవడం ఉన్నచోట జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ దానికి ఒక లెక్క చేర్చారు: అటువంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపితే ప్రమాదం మరింత హెచ్చుతుంది. వినడానికి మళ్లీ కుటుంబాన్నే తప్పు పట్టినట్లున్నది కదా? నేను దానిని మరొక విధంగా చదువుకున్నాను. వారానికి 168 గంటలు ఒకే గదిలో ఒక రోగితో ఉండే మనిషి కసురుకోకుండా ఎట్లా ఉంటుంది? ఆమె గంటలు తగ్గిస్తే ఆమె గొంతూ తగ్గుతుంది, రోగికీ మేలు జరుగుతుంది. 1987లో మన దేశపు మానసిక వైద్య ప్రముఖులు ఎన్.ఎన్. విగ్, లెఫ్ తదితరులతో కలిసి చండీగఢ్ ప్రాంతపు కుటుంబాలలో ఇదే కొలిచినప్పుడు, ఆ ఎత్తిపొడుపు లండనులో కంటె చాలా తక్కువగా కనిపించింది. ఉమ్మడి కుటుంబం పంచుకునే బరువు గురించి మనం ఊరికే చెప్పుకొనే మాటకు అది కొంత ఆధారము.

నిజానికి కుటుంబాన్ని వైద్యంలోకి పిలవడంలో మన దేశం వెనుకబడి లేదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతో పాటు వారి ఇంటివారిని ఉంచాడు. బంధువులు రోగిని వదిలి వెళ్లిపోవడం తగ్గింది, రోగులు త్వరగా ఇంటికి వెళ్లారు. 1957లో మొదలైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రంలోనూ కుటుంబ సభ్యులు రోగితో ఉండడం పద్ధతి. పాశ్చాత్య దేశాలలో రోగిని ఇంటివారి నుండి వేరుచేసి పెద్ద గోడల వెనుక ఉంచుతున్న రోజులవి.

నా ఉద్దేశంలో అన్నిటికంటె పనికివచ్చే పరిశోధన న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మేరీ మిటిల్‌మన్ చేసినది. మతిమరుపు వచ్చిన భర్తకు లేక భార్యకు చేస్తున్న 406 మందిని ఆమె రెండు వర్గాలు చేసింది. ఒక వర్గానికి మామూలు సలహాలు. రెండవ వర్గానికి నాలుగు నెలల్లో ఆరు సమావేశాలు. అందులో రెండు చేసేవారితో విడిగా. నాలుగు, మిగతా కుటుంబ సభ్యులను కూర్చోబెట్టి. రోగి ఆ సమావేశాలలో ఉండడు. ఎవరు ఏమి చేయగలరు, ఎవరి మాట ఎవరికి గుచ్చుకుంటున్నది, ఎవరు రాత్రి పడుకోగలరు, ఇదే చర్చ. తరువాత వారంవారం తోటివారితో కలిసి కూర్చొనే ఏర్పాటు, కష్టమొస్తే ఫోను చేసే వీలు కల్పించారు. 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ వర్గంవారు రోగిని వృద్ధాలయానికి పంపవలసి రావడం సుమారు 557 రోజులు వెనక్కు జరిగింది. ఏడాదిన్నర! మతిమరుపు వ్యాధిలో రోగిని ఇంట్లో ఇంతకాలం నిలబెట్టే మాత్ర ఇప్పటికీ నాకు తెలిసినంతలో లేదు. ఆరు సార్లు కూర్చొని మాట్లాడడం ఆ పని చేసింది.

ఇంత చదివిన తరువాతనే ఆ భాద్రపదం సాయంత్రం ఆమె నా అరుగు మీద కూర్చొని ఆ మాట అన్నది. అందువల్ల పుణ్యం సంగతి ఎత్తలేదు. "ఆ ఆలోచన నీ ఒక్కదానికే రాదమ్మా, ఇంతకాలం చేసినవాళ్లకు అందరికీ వస్తుంది. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావు?" అని అడిగాను. రెండు, మహా అయితే మూడు అన్నది. తల్లిగారింటికి పోయి ఎన్నాళ్లయింది అన్నాను. "మూడేండ్లాయె సారూ. బతుకమ్మకు గూడ పోలే" అని అప్పుడు ఏడ్చింది. అత్తగారి సంగతి చెప్పినప్పుడు ఏడవలేదు.

వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు, ఒక ఆడబిడ్డ. పెద్దాయన పట్నంలో ఉద్యోగి. నడిమివాడు ఊళ్లో కూరగాయలు, పూలు పండిస్తాడు. ఈమె అతని భార్య. చిన్నవాడు గచ్చిబౌలిలో పని చేస్తాడు. ఆడబిడ్డను వికారాబాద్ వైపు ఇచ్చారు. మా ప్రాంతంలో భూముల ధర మీకు తెలియనిది కాదు. వాళ్లదీ కొంత ఫార్మ్‌హౌసు వాళ్లకు అమ్ముడుపోయింది. డబ్బు మూడు పాళ్లయింది. తల్లి మాత్రం ఒక్క పాలికే వచ్చింది.

ఒక ఆదివారం అందరినీ మా ఇంటికి పిలిచాను. నేను కుటుంబ చికిత్సలో శిక్షణ పొందినవాడిని కాను. ఆ సంగతి వారికీ చెప్పాను, మీకూ చెబుతున్నాను. తప్పొప్పుల జోలికి పోవద్దని, ఒక్కొక్కరూ తల్లి ఒక రోజు ఎట్లా గడుపుతుందో చెప్పమని అడిగాను. పెద్దాయన మొదలుపెట్టి, ఉదయం మాత్రల దగ్గరనే ఆగిపోయాడు. ఏ మాత్ర ఎప్పుడో తెలియదు. చిన్నవాడు "పైసలైతే పంపుతనే ఉన్న గద సారూ" అన్నాడు. ఆడబిడ్డ, "నాకు తీస్కపోవాలనే ఉంటది, ఆడిబిడ్డ ఇంట్ల తల్లిని పెట్టిన్రని నలుగురు నవ్వుతరు" అన్నది. నడిమి కోడలు వంతు వచ్చింది. తెల్లవారుజాము నాలుగు గంటల నుండి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయింది. మధ్యాహ్నం దాకా చెప్పేసరికే ఎవరూ ఎవరి ముఖం చూడడం లేదు. అంతలో ఆమె భర్త భూమి మాట ఎత్తాడు. అంతే. పెద్దాయన చెప్పులు తొడుక్కొని వెళ్లిపోయాడు. మొదటి సమావేశం అట్లా ముగిసింది. నా చేతకానితనం నాకు తెలిసింది. భూమి మాట వస్తే ఏమి చేయాలో ముందే ఆలోచించుకొని ఉండవలసినది.

మూడు వారాల తరువాత మళ్లీ కూర్చున్నాము. పెద్దాయనను వాళ్ల చెల్లెలే ఒప్పించి తెచ్చింది. ఈసారి ఒక నియమం పెట్టాను: ఆస్తి సంగతి ఈ గదిలో లేదు, రేపటి నుండి దసరా దాకా ఉన్న రోజులే ఉన్నాయి. గోడ మీది కాలెండరు దింపి చాప మీద పరిచాము. ఆడబిడ్డ బతుకమ్మ పండుగకు వచ్చి పది రోజులు తల్లి దగ్గర ఉంటానన్నది. తల్లిని ఇల్లు మార్చడం కంటె అదే మేలు. మతిమరుపు రోగికి కొత్త ఇల్లు కొత్త భయాన్ని తెస్తుంది. చిన్నవాడు ఉదయం స్నానం చేయించడానికి రెండు గంటలకు ఒక పనిమనిషి జీతం తనదన్నాడు. పెద్దాయన నెలలో రెండు శనివారాలు రాత్రి వచ్చి పడుకుంటానన్నాడు. పట్నంలో ఉండే మిగతావారు ఫోను చేసినప్పుడు "అమ్మ తిన్నదా?" అని మాత్రమే అడగకుండా "వదినె, నువ్వు తిన్నవా?" అని కూడ అడగాలని నేనొక షరతు పెట్టాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే పెట్టాను.

అన్నీ నిలిచాయని చెప్పను. పెద్దాయన నాలుగు నెలలు వచ్చాడు, తరువాత ఏవో కారణాలు చెప్పడం మొదలుపెట్టాడు. పనిమనిషి ఇద్దరు మారారు. కాని నడిమి కోడలు ఆ ఏడు తల్లిగారింట్లో బతుకమ్మ ఆడి వచ్చింది. వచ్చిన వారానికి రక్తపోటు చూస్తే 138/86. మాత్ర పనిచేసింది అని వైద్యుడిగా నేననాలి. మాత్ర వేసుకోవడానికి ఆమెకు తీరిక దొరికింది అని కూడ అనాలి. పది రోజులు తల్లి దగ్గర ఉన్న ఆడబిడ్డ మాత్రం పోతూ పోతూ నాతో "వదినె నాలుగేండ్లు ఎట్ల చేసిందో సారూ, నేను ఆరో దినానికే కొట్టబోయిన" అన్నది.

ఆ మాట దాచుకోకుండా అన్నందుకు ఆమెను మెచ్చుకున్నాను. మీ ఇంట్లో కూడ చేసేవారి చేయి లేచే రోజు రావచ్చును. రోగిని కొట్టాలనిపించడం, రెండు వారాలకు మించి నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, "ఇద్దరమూ పోతే పీడా పోతుంది" అన్న తలపు, వీటిలో ఏది కనపడినా ఆలస్యం చేయకండి. 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ ఇది. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు, పగలూ రాత్రీ పలుకుతారు. వృద్ధుల సమస్యలకు 14567 ఉన్నది. కాన్సరు వంటి జబ్బులతో చివరి దశలో ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రులలో పాలియేటివ్ కేర్ విభాగం ఉన్నదేమో అడగండి. అక్కడివారు రోగి నొప్పినే కాక ఇంటివారి అలసటను గురించి కూడ మాట్లాడతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఎక్కువ సహాయం కావలసిన దివ్యాంగులకు చేసేవారి కోసం భత్యం ఇచ్చే పథకాలు ఉండాలని చెబుతున్నది. అమలు గురించి నేను చెప్పవలసిన పని లేదు, అడిగితేనే కదా కదులుతుంది.

వైద్య మిత్రులెవరైనా ఇది చదువుతుంటే వారికి ఒక్క విన్నపము. మంచం పట్టిన రోగిని చూడడానికి వెళ్లినప్పుడు పట్టీని రెండు చేతులకు చుట్టండి, రెండవ చేయి పక్కన నిలబడిన మనిషిది. ఒకటిన్నర నిమిషం పడుతుంది. ఆ మనిషిని కూర్చోమని చెప్పి మరీ చూడండి, నిలబడి చూస్తే లెక్క సరిగా రాదు.

ఈ వ్యాసం వ్రాసి నా భార్యకు చదివి వినిపించాను. మా ఇంటి సంగతులు వ్రాయడానికి ఆమె అనుమతి కావాలి కదా. రక్తపోటు దగ్గర ఏమీ అనలేదు. పుండ్లు పడని సంగతి దగ్గర ఆపింది. "రెండు గంటలకొకసారి అని వ్రాసినారు. చివరి ఏడాది గంటకొకసారి తిప్పినాను, బక్కగా అయింది గదా ఆమె. అది సరిచేయండి" అన్నది.

సరిచేశాను.